అడుగున్నర ఎత్తు

రీడింగ్ రూముల నాది ముప్పయ్యేడో నంబరు కుర్చీ.
నయీంనగర్, మూడో అంతస్తు, నెలకు ఏడు వందలు.
దాని వీపు ఎన్నడో పగిలింది.
నాకంటె ముందు గ్రూప్ టూ చదివిన ఆమె ఎవరో
రాగి తీగెతోని కుట్టి పోయింది.
నేను లేవబోతే ఆ కుట్టు చున్నీని పట్టుకుంటది,
ఆగరాదు, ఇంకొక్క చాప్టరు అన్నట్టు.

నొప్పి మొదలు చుట్టం లెక్కనే వచ్చింది.
కడప కాడ నిలబడ్డది, పోతనన్నది.
ఎమ్మెస్సీ రెండో సెమిస్టరుకు
లోపలికొచ్చి చాప పరిచింది.
ఇప్పుడు ఇల్లే దానిది.
పక్కకు ఒత్తిగిలాలన్నా దాన్ని అడగాలె.

నడుం బిగించమన్నరు సార్లు. బిగించిన.
నడుం వంచితేనే బతుకన్నరు ఊర్లె. వంచిన.
నడుం వాల్చమని మాత్రం
ఏ మోటివేషన్ క్లాసుల చెప్పలే.

ఎంజీఎం ఓపీల
ఫిజియోథెరపీ నేర్చుకునే పిల్ల, అజ్మతున్నీసా, నా ఈడుదే,
ఒక కాగితం పట్టుకొని కూసున్నది.
దినానికి ఎన్ని గంటలు కూసుంటరు?
వేళ్ల మీద లెక్కబెడితే పదమూడు.
బస్సుల కూసున్నది కలపాల్నా అని అడిగిన.
కలుపుండ్రి అన్నది.
తినేటప్పుడు?
కలుపుండ్రి.
పదిహేనున్నర.
ఆమె రాసుకుంట రాసుకుంటనే
ఎడమ చెయ్యి ఎనుకకు తీస్కపోయి
తన నడుం తానే ఒత్తుకున్నది.
ఇద్దరం నవ్వినం. నవ్వితే ఇద్దరికీ కలుక్కుమన్నది.
నూట ఎనభై మంది విద్యార్థులను అడిగిందట ఇప్పటిదాక.
అదంతా ఇగ రాత్రి కూసోని టైపు చెయ్యాలెనట.

అరగంటకోసారి లేవుండ్రి, బెల్టు పెట్టుకోండ్రి అన్నది.
చౌరస్తాల మెడికల్ షాపుల కొన్న.
పట్టీలు గుంజి కట్టుకుంటే
ఏదో యుద్ధానికి పోతున్నట్టున్నది.
పోయేది మళ్ల ముప్పయ్యేడో నంబరుకే.

కోరుట్లల అమ్మ నేల మీద కూసుంటది.
ఒడిల చాట, చాటల తునికాకు, జర్దా, దారపుండ.
వెయ్యి బీడీలైతేనే కాళ్లు చాపుతది.
నువ్వన్న కుర్సీల కూసోవాలె బిడ్డా, అనేది.
కూసున్న.
నేల మీదికెళ్లి కుర్చీ మీదికి
మా ఇల్లు ఎక్కిన ఎత్తు అడుగున్నర.

ఫోన్ల నడుం నొస్తున్నదని అన్ననో లేదో
ఏడ అని అడగలే.
కింద, ఎడమ దిక్కు కదా,
దగ్గితే పిక్క దాక గుంజుతది కదా,
పొద్దుగాల వంగి మొకం కడుక్కునేటప్పుడు ఇంకా ఎక్కువ, అన్నది.
నా ఎక్స్‌రే ఆమె దగ్గర ముందే ఉన్నట్టు.
మరి నువ్వెన్నడు చెప్పలేదేందే?
బెల్టు ఎంత పడ్డది, అన్నది.
నాలుగు వందల యాభై.
కొంచెంసేపు కత్తెర చప్పుడు తప్ప ఏం లేదు.
రెండు దినాలది, అన్నది.
మందలించినట్టు కాదు. ఊరికె, లెక్క.

గోడ మీద రాసి ఉన్నది:
కుర్చీలు జరిపి చప్పుడు చేయరాదు.
నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు
ఫోను బుర్రుమన్నది, అరగంటైందని.
లేచిన. కుర్చీ కిర్రుమన్నది.
నలభై తలలు నా దిక్కు తిరిగినయి.
ముప్పయ్యెనిమిది, ఏటూరునాగారం చందా సారక్క,
పుస్తకం మూయకుంటనే లేచి గోడకు వీపు ఆనించింది.
మూలకు ఇంకొకామె. ఫ్యాను కింద ఇద్దరు.
ఎవ్వరం మాట్లాడలే.
ఏ బస్సు ఎప్పుడొస్తదో తెల్వని స్టాపుల
నిలబడ్డట్టు నిలబడ్డం.

రాగి తీగె చున్నీని పట్టుకున్నది.
ఇడిపించుకోలే.
చున్నీని కుర్చీకే ఇడిసిపెట్టి
కిటికీ దాక నడిచిన.
నాలా వాసనే గానీ,
గాలి.